యాంటీవైరస్ ఆఫ్ చేయమన్నారా? అక్కడే ఆగండి!

టోరెంట్లు, క్రాక్ సాఫ్ట్‌వేర్లు, పెన్‌డ్రైవ్ షేరింగులు... క్యాంపస్‌లో ఇవన్నీ మామూలే. కానీ ఉద్యోగ వేటలో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌లోకి ఓ వైరస్ దూరితే ప్రాజెక్టు ఒక్కటే పోదు. మెయిల్, సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా, చివరికి చేతికొచ్చిన ఆఫర్ కూడా ప్రమాదంలో పడొచ్చు.

ఫైనలియర్‌కి వచ్చారు. ప్రాజెక్టుకి ఓ సాఫ్ట్‌వేర్ కావాలి. కంపెనీ సైట్‌లో ధర చూస్తే కళ్లు తిరిగాయి. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో అడిగితే రెండు నిమిషాల్లో ఎవరో టోరెంట్ లింకు పడేశారు. డౌన్‌లోడ్ కూడా అయిపోయింది. ఫోల్డర్ తెరిస్తే ఓ సెటప్ ఫైలు, 'క్రాక్' అని ఇంకో ఫోల్డర్, 'రీడ్ మీ' అని ఓ టెక్స్ట్ ఫైలు. అందులో మొదటి లైను: ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి.

చాలామంది ఆ లైను చదివి, ఆఫ్ చేసేసి, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ వెళ్లిపోతారు. ఒక్కసారి ఆలోచించండి. ముక్కూమొహం తెలియని వ్యక్తి మీ ఇంటికొచ్చి, 'కుక్కని కట్టేయండి, బీరువా తాళాలు ఇచ్చి మీరు కాసేపు బయట కూర్చోండి' అంటే ఒప్పుకుంటారా? ఆ రీడ్ మీ ఫైలు అడుగుతున్నది అచ్చంగా అదే.

నా బ్లాగ్‌కి మెయిల్ చేసే జూనియర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ఇదే. 'అన్నా, టోరెంట్ వాడితే వైరస్ వస్తుందా?' అని. సూటిగా చెప్పాలంటే, టోరెంట్ అనే టెక్నాలజీ వల్ల రాదు. దాంట్లోంచి వచ్చిన ఫైలుని ఎవరు తయారుచేశారో తెలియకుండా తెరవడం వల్ల వస్తుంది. ఈ తేడా అర్థమైతే సగం ప్రమాదం తప్పినట్టే.

సీల్ బాగుంటే సరుకు మంచిదేనా?

1999లో నాప్‌స్టర్ వచ్చింది. పాటల్ని ఒకరి కంప్యూటర్ నుంచి ఇంకొకరి కంప్యూటర్‌కి నేరుగా పంపుకొనే పద్ధతిని జనానికి అలవాటు చేసింది అదే. తర్వాత కజా, లైమ్‌వైర్ లాంటివి వచ్చాయి. 2001లో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ బిట్‌టోరెంట్ తెచ్చారు. మన ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో ఒకప్పుడు డీసీ ప్లస్ ప్లస్ రాజ్యమేలింది. పేర్లు వేరైనా సూత్రం ఒకటే. ఒకే పెద్ద సర్వర్ నుంచి కాకుండా, ఫైలు ఉన్నవాళ్ల కంప్యూటర్ల నుంచి లేనివాళ్లకి నేరుగా చేరుతుంది.

ఇందులో తప్పేమీ లేదు. ఉబుంటు లాంటి లైనక్స్ వెర్షన్లని వాటి తయారీదారులే అధికారికంగా టోరెంట్ ద్వారా కూడా ఇస్తారు. పెద్ద ఫైలు, ఎక్కువమందికి, తక్కువ ఖర్చుతో చేర్చడానికి ఇది చక్కటి పద్ధతి.

మరి తేడా ఎక్కడొస్తుంది? బిట్‌టోరెంట్‌లో ప్రతి ముక్కకీ 'హాష్' అనే వేలిముద్ర లాంటి గుర్తు ఉంటుంది. డౌన్‌లోడ్ అయిన ముక్క ఆ గుర్తుతో సరిపోతేనే ప్రోగ్రామ్ దాన్ని తీసుకుంటుంది. 'చెక్ అయ్యే కదా వచ్చింది, ఇంకేం భయం' అని కొందరు అనుకునేది దీన్ని చూసే. కానీ ఆ చెకింగ్ చెప్పేది ఒక్కటే. మొదట అప్‌లోడ్ చేసినవాడు ఏం పెట్టాడో అదే మీకు చేరింది అని. ఆర్టీసీ కార్గోలో వచ్చిన పార్సిల్ సీల్ చెక్కుచెదరకపోతే దారిలో ఎవరూ విప్పలేదని తెలుస్తుంది. లోపల పంపించింది స్వీట్లో, పామో సీల్‌కి ఏం తెలుసు? వైరస్ పెట్టి పంపిస్తే, ఆ వైరస్ కూడా ఒక్క బిట్ తేడా లేకుండా పదిలంగా వచ్చేస్తుంది.

ఇంకో నమ్మకం కామెంట్ల మీద. 'వర్కింగ్, థ్యాంక్స్ బ్రో' అని యాభై మంది రాశారు కదా అంటారు. వాళ్లు అబద్ధం చెప్పకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ నిజంగానే పనిచేస్తుంది. పనిచేయాలి కూడా. అప్పుడే కదా మీకు అనుమానం రాదు! ముందు కనిపించే సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసుకుంటుంటే, వెనకాల చేరినది దాని పని అది చేసుకుంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఐదు నిమిషాలకి థ్యాంక్స్ చెప్పినవాళ్లకి, నెల తర్వాత తమ మెయిల్ హ్యాక్ అయితే దానికీ దీనికీ సంబంధం ఉందని తట్టదు.

ఏ రూపంలో వస్తాయి?

క్రాక్‌లు, కీజెన్లు: ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. క్రాక్ చేసే పనే అసలు ప్రోగ్రామ్‌ని మార్చడం కాబట్టి, కొన్నిసార్లు హానిలేని క్రాక్‌ని కూడా యాంటీవైరస్ పట్టుకుంటుందన్న మాట నిజమే. ఆ సగం నిజాన్నే మోసగాళ్లు వాడుకుంటారు. 'అది ఫాల్స్ అలారం, పట్టించుకోకండి' అని రాస్తారు. ఏది ఫాల్సో, ఏది అసలో తేల్చే పరిస్థితిలో మీరూ లేరు, మీకు లింకు ఇచ్చిన ఫ్రెండూ లేడు.

ఇది కొత్త విషయం కూడా కాదు. 'యాపిల్ కంప్యూటర్లకి వైరస్‌లు రావు' అని అందరూ ధీమాగా ఉన్న రోజుల్లో, 2009 జనవరిలో, ఐవర్క్ 09 సాఫ్ట్‌వేర్ పైరేటెడ్ కాపీలు టోరెంట్లలో తిరిగాయి. వాటి ఇన్‌స్టాలర్లోనే ఓ ట్రోజన్ కూర్చుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మామూలుగానే పాస్‌వర్డ్ అడిగింది, జనం మామూలుగానే కొట్టారు. అంతే, కంప్యూటర్ మీద పూర్తి అధికారం దాని చేతికి వెళ్లింది.

విండోస్ వాడేవాళ్లని ఎక్కువ ఏడిపించినవాటిలో 'స్టాప్ డెజావు' కుటుంబానికి చెందిన రాన్సమ్‌వేర్ ఒకటి. క్రాక్‌లు, కీజెన్ల ముసుగులో వస్తుంది. ఫైళ్లన్నిటికీ తాళం వేసేసి 980 డాలర్లు కట్టమంటుంది, 72 గంటల్లోపు కడితే సగానికి సగం తగ్గిస్తానంటుంది. పండగ ఆఫర్‌లా! అంటే ఐదారు వేలు మిగిలాయనుకున్న చోట వేలకి వేలు అడుగుతుంది. 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ సంస్థ దీని పాత రకాలకి ఉచిత విరుగుడు టూల్ విడుదల చేసింది. తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి అది పనిచేయదు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఇలాంటి వాళ్లని చూసే పుట్టిందేమో.

రెండు తోకల ఫైళ్లు: విండోస్‌లో ఫైలు పేరు చివరుండే ఎక్స్‌టెన్షన్‌ని మామూలుగా దాచేస్తారు. దీన్ని అడ్డం పెట్టుకుని 'రెజ్యూమె డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ' అని పేరు పెడితే మీకు 'రెజ్యూమె డాట్ పీడీఎఫ్' వరకే కనిపిస్తుంది. గుర్తు కూడా పీడీఎఫ్‌దే పెడతారు. 2000 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన ఐ లవ్ యూ వైరస్ మెయిళ్లలో వచ్చింది ఈ ట్రిక్‌తోనే. టెక్స్ట్ ఫైలులా కనిపించింది, నిజానికి అది నడిచే స్క్రిప్టు. ఇన్నేళ్లయినా ఆ ట్రిక్ పాతబడలేదు.

పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లు: ఊరూపేరూ లేని సైట్ నుంచి వచ్చిన జిప్ ఫైలుకి '1234' అని పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ని పక్కనే రాసిపెడితే అందులో రహస్యం ఏముంది? అది మీ కోసం పెట్టింది కాదు. తాళం వేసిన జిప్ లోపల ఏముందో స్కానర్లు చూడలేవు. దానికోసం పెట్టింది.

సినిమా ఫైళ్లు: కొత్త సినిమా రిలీజైన రోజు సాయంత్రానికే 'ఫుల్ హెచ్‌డీ' అని లింకులు తిరుగుతాయి. రెండున్నర గంటల సినిమా 3 ఎంబీలో ఉందంటే అది సినిమా కాదు. ప్లే చేస్తే 'ఈ కోడెక్ ఇన్‌స్టాల్ చేయండి', 'ఈ ప్లేయర్ కావాలి' అని అడిగినా అదే లెక్క. వీఎల్‌సీలో ప్లే కాకపోతే డిలీట్ కొట్టేయడమే.

పెన్‌డ్రైవ్‌లు: జిరాక్స్ సెంటర్లో హాల్‌టికెట్ ప్రింట్ తీయించుకుని రూముకొచ్చాక పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయా? ఆ షార్ట్‌కట్ మీద డబుల్ క్లిక్ చేస్తే మీ ఫోల్డరూ తెరుచుకుంటుంది, వైరస్ కూడా మీ ల్యాప్‌టాప్‌లోకి దిగుతుంది. ప్రింట్ల కోసం విడిగా ఓ చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకోండి. కావాల్సిన ఒక్క పీడీఎఫ్ మాత్రమే వేసుకెళ్లండి. పని కాగానే ఫార్మాట్ చేయండి.

ఫోన్లో ఏపీకేలు: పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు కూడా ఈ కోవలోవే. పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. యాప్‌గా రాదు. ఇన్‌స్టాల్ చేశాక ఎస్ఎంఎస్ పర్మిషన్ అడిగిందంటే దాని చూపు మీ ఓటీపీల మీదే.

షేరింగ్ ప్రోగ్రామే దొంగైతే?

కొన్నిసార్లు ఫైలు మంచిదే అయినా, దాన్ని తెచ్చిపెట్టే ప్రోగ్రామ్‌లోనే లోపం ఉంటుంది.

2016 మార్చిలో 'ట్రాన్స్‌మిషన్' అనే మంచి పేరున్న టోరెంట్ ప్రోగ్రామ్ అధికారిక సైట్‌లోనే ఎవరో చొరబడి, మ్యాక్ వెర్షన్ 2.90 ఇన్‌స్టాలర్లో 'కీరేంజర్' అనే రాన్సమ్‌వేర్ కలిపారు. అది వెంటనే బయటపడకుండా మూడు రోజులు నిశ్శబ్దంగా ఉండి, తర్వాత ఫైళ్లకి తాళం వేసి ఒక బిట్‌కాయిన్ అడిగింది.

2018లో 'మీడియాగెట్' అనే మరో టోరెంట్ ప్రోగ్రామ్ అప్‌డేట్‌లో విషం కలిపారు. మార్చి 6న ఒక్కరోజే మొదట 80,000, తర్వాతి 12 గంటల్లో 4 లక్షలకు పైగా దాడుల్ని తమ డిఫెండర్ అడ్డుకుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఎక్కువగా రష్యా, టర్కీ, ఉక్రెయిన్ కంప్యూటర్లు. ఆ కంప్యూటర్లని వాడుకుని దొంగచాటుగా క్రిప్టో కాయిన్లు తవ్వడం వాళ్ల ఉద్దేశం.

మనకి బాగా తెలిసిన షేర్‌ఇట్, జెండర్ సంగతి చూద్దాం. 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో షేర్‌ఇట్ ఆండ్రాయిడ్ యాప్‌లో తీవ్రమైన లోపాలున్నాయని ట్రెండ్ మైక్రో బయటపెట్టింది. అయినా ఇప్పటికీ కొందరు వాటి పాత ఏపీకేలని ఎక్కడెక్కడినుంచో వెతికి మరీ వేసుకుంటున్నారు. అప్‌డేట్లు రాని పాత యాప్‌ని, ఎవరు మార్చారో తెలియని కాపీగా వేసుకోవడం అంటే రెండు తప్పులు ఒకేసారి. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్విక్ షేర్ ఎటూ ఉండనే ఉంది, అది చాలు.

విన్‌రార్ కూడా అంతే. 2023లో దాంట్లో బయటపడ్డ ఓ లోపం వల్ల, ఆర్కైవ్ తెరిచి లోపలున్న ఫొటో లాంటి మామూలు ఫైలు మీద క్లిక్ చేసినా వైరస్ నడిచేది. ఆ ఏడాది ఆగస్టులో 6.23 వెర్షన్‌తో సరిచేశారు. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ కాదు. కాలేజీలో చేరిన కొత్తలో వేసిన విన్‌రార్ ఇంకా ల్యాప్‌టాప్‌లో ఉంటే ఈరోజే అప్‌డేట్ చేయండి.

వైరస్ వస్తే ఏం పోతుంది?

'నా ల్యాప్‌టాప్‌లో ఏముంది బ్రో, నాలుగు సినిమాలు తప్ప' అంటుంటారు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఏముంటాయో ఓసారి లెక్కేద్దాం. టెన్త్ మెమో నుంచి బీటెక్ మార్కుల వరకు స్కాన్ కాపీలు. ఆధార్, పాన్. సంతకం, పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఫీజు కట్టిన బ్యాంకు ఖాతా. లింక్డ్‌ఇన్, నౌకరీ, గిట్‌హబ్ లాగిన్లు. ఇంటర్వ్యూ కాల్స్ వచ్చే మెయిల్. మీ పేరుతో లోన్ యాప్‌లో అప్పు తీసుకోవడానికో, ఫేక్ ఖాతా తెరవడానికో ఇంతకన్నా ఏం కావాలి?

వీటిని ఎత్తుకెళ్లడానికే తయారైన వైరస్‌లని ఇన్ఫోస్టీలర్లు అంటారు. రెడ్‌లైన్, లుమా, విడార్ లాంటివి. ఇవి స్క్రీన్ మీద పుర్రె బొమ్మ వేయవు, కంప్యూటర్‌ని స్లో చేయవు. కొన్ని నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోతాయి. 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు, రెండు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3.94 లక్షలకు పైగా విండోస్ కంప్యూటర్లలో లుమా చేరినట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించింది. ఇలాంటివి వ్యాపించే ముఖ్యమైన దారుల్లో క్రాక్ సాఫ్ట్‌వేర్ ఒకటి.

'నాకు ఓటీపీ పెట్టుకున్నా, పాస్‌వర్డ్ పోయినా పర్లేదు' అంటారా? అక్కడే మెలిక. మీరు జీమెయిల్‌లో ఒకసారి లాగిన్ అయ్యాక ప్రతిసారీ ఓటీపీ అడగదు కదా? 'ఈ మనిషి ఇప్పటికే లోపలికొచ్చాడు' అని చెప్పే కుకీ ఒకటి బ్రౌజర్‌లో ఉంటుంది. స్టీలర్లు పాస్‌వర్డ్‌తో పాటు ఆ కుకీని కూడా పట్టుకుపోతాయి. సినిమా హాల్లో టికెట్ చూపించి లోపలికెళ్లినవాడి హాఫ్ టికెట్ ముక్క దొంగిలించి ఇంకొకడు దర్జాగా లోపలికెళ్లినట్టు. గేటు దగ్గర వాడిని టికెట్ అడిగేవాడే ఉండడు.

మెయిల్ చేజారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూ తేదీ చెబుతూ హెచ్ఆర్ పంపిన మెయిల్ మీకంటే ముందు ఇంకొకరు చదువుతారు. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని కొట్టి మిగతా ఖాతాలన్నీ ఒక్కొక్కటిగా మార్చేస్తారు. మీ పేరుతో మీ క్లాస్‌మేట్లకి ఫైళ్లు పంపిస్తారు. వాళ్లు మీరే పంపారనుకుని తెరుస్తారు.

ఈ అలవాటు ఆఫీసుకి వెళ్తే?

ఇప్పటిదాకా చెప్పింది మీ సొంత ల్యాప్‌టాప్ గురించి. ఉద్యోగం వచ్చాక కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తుంది. చేతికి పట్టిన అలవాటు అక్కడికీ వెళ్తుంది.

అమెరికాలోని వర్జీనియాలో ఓ పెట్టుబడుల సంస్థ ఉద్యోగి పాటలో, సినిమాలో పంచుకోవడానికి ఆఫీసు కంప్యూటర్లో లైమ్‌వైర్ వేసుకున్నారు. దాంతో ఆఫీసు ఫైళ్లు కూడా షేరింగ్‌లోకి వెళ్లిపోయాయి. సుమారు 2,000 మంది క్లయింట్ల పేర్లు, పుట్టినతేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు నెలల తరబడి ఎవరైనా తీసుకునేలా ఉండిపోయాయి. 2008లో విషయం బయటపడింది. ఆ క్లయింట్లలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్టీఫెన్ బ్రేయర్ కూడా ఉన్నారు. గమనించండి, ఇక్కడ వైరసే లేదు. ఏ ఫోల్డర్ షేర్ అవుతోందో చూసుకోకపోవడం ఒక్కటే జరిగింది. 2010లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాదాపు 100 సంస్థలకి, మీ డేటా ఇలాగే ఫైల్ షేరింగ్ నెట్‌వర్క్‌లలో తిరుగుతోందంటూ నోటీసులు పంపింది.

అందుకే చాలా ఐటీ కంపెనీల పాలసీల్లో టోరెంట్ ప్రోగ్రామ్‌లు, లైసెన్స్ లేని సాఫ్ట్‌వేర్లు నిషిద్ధం. కంపెనీ నెట్‌వర్క్‌లో టోరెంట్ నడిపితే సెక్యూరిటీ టీముకి తెలిసిపోయే అవకాశం ఎక్కువ. ప్రొబేషన్‌లో ఉన్న ఫ్రెషర్‌కి ఇలాంటి కేసు తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చట్టం మాటేంటి? కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ సాఫ్ట్‌వేర్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. లాభం కోసం, వ్యాపారం కోసం కాదని తేలితే జైలు లేకుండా జరిమానాతో వదిలేసే వెసులుబాటు కోర్టుకి ఉంది. ఫ్రీలాన్సింగ్ చేస్తూ క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో డబ్బు సంపాదించేవాళ్లు ఈ తేడాని గుర్తుపెట్టుకోవాలి.

ఉద్యోగం పేరుతోనే ఫైలు వస్తే?

ఇది మీకు అన్నిటికన్నా దగ్గరి ప్రమాదం. 2022 మార్చిలో 'యాక్సీ ఇన్ఫినిటీ' అనే గేమ్‌కి చెందిన రోనిన్ నెట్‌వర్క్ నుంచి 50 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో చోరీ అయింది. ఉత్తర కొరియాకి చెందిన లాజరస్ బృందం పని అని ఎఫ్‌బీఐ తేల్చింది. దారి ఎలా దొరికిందన్నదానిపై తర్వాత వచ్చిన వార్తా కథనం ప్రకారం, కంపెనీలోని ఓ సీనియర్ ఇంజినీర్‌కి లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం ఆశ చూపారు. రౌండ్ల మీద రౌండ్లు ఇంటర్వ్యూలు చేశారు. చివర్లో భారీ జీతంతో ఆఫర్ లెటర్ అని పీడీఎఫ్ పంపారు. ఆయన దాన్ని తెరిచారు. అంతే. లేని కంపెనీ, లేని ఉద్యోగం.

సీనియర్ ఇంజినీరే పడ్డ చోట, ఆఫర్ కోసం రోజుకి పదిసార్లు మెయిల్ రిఫ్రెష్ చేసే ఫ్రెషర్ పరిస్థితేంటి? ఇప్పుడు డెవలపర్లకి ఇంకో వల కూడా వేస్తున్నారు. 'టెస్ట్‌లో భాగంగా ఈ కోడ్ డౌన్‌లోడ్ చేసి మీ సిస్టమ్‌లో రన్ చేయండి' అని పంపిస్తారు. ఆ కోడ్‌లోనే దొంగ ఉంటాడు. టేక్ హోమ్ టెస్టులు నిజం కంపెనీలు కూడా ఇస్తాయి కాబట్టి అన్నిటినీ వద్దనలేం. కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో ఆ ఉద్యోగం ఉందో లేదో చూడండి. మెయిల్ వచ్చింది కంపెనీ డొమైన్ నుంచేనా, ఉచిత మెయిల్ నుంచా గమనించండి. తెలియనివాళ్ల కోడ్‌ని సొంత సిస్టమ్‌లో కాకుండా వర్చువల్ మెషీన్‌లోనో, ఆన్‌లైన్ ఎడిటర్‌లోనో నడపండి. ఇలా అడిగితే నిజమైన కంపెనీ ఏదీ తప్పుపట్టదు.

ఫ్రీగా కావాలా? సక్రమంగానే దొరుకుతాయి

ఫ్రీగా వస్తే ఫినాయిల్ అయినా తాగేస్తామని మన మీద ఓ జోకు ఉంది. అంత అవసరం లేదు. విద్యార్థులకి కంపెనీలే ఉచితంగా ఇచ్చేవి చాలా ఉన్నాయి.

• మెకానికల్, సివిల్: ఆటోక్యాడ్, రివిట్ లాంటివి ఆటోడెస్క్ విద్యార్థులకి ఏడాది కాలానికి ఉచితంగా ఇస్తుంది. చదువుతున్నన్నాళ్లూ రెన్యువల్ చేసుకోవచ్చు. ఆన్సిస్‌కి స్టూడెంట్ వెర్షన్ ఉంది. ఫ్రీక్యాడ్ ఎవరికైనా ఉచితమే.

• ఈసీఈ, ఈఈఈ: మ్యాట్‌ల్యాబ్‌కి ముందు మీ కాలేజీకి క్యాంపస్ లైసెన్స్ ఉందేమో అడగండి. లేకపోతే జీఎన్‌యూ ఆక్టేవ్, సైల్యాబ్ వాడొచ్చు. సర్క్యూట్లకి ఎల్‌టీస్పైస్, కైక్యాడ్, ఐఐటీ బాంబే ఫోసీ ప్రాజెక్టు తెచ్చిన ఈసిమ్ ఉన్నాయి.

• సీఎస్‌ఈ, ఐటీ: గిట్‌హబ్ స్టూడెంట్ డెవలపర్ ప్యాక్‌కి కాలేజీ ఐడీతో అప్లై చేస్తే బోలెడు టూల్స్ వస్తాయి. జెట్‌బ్రెయిన్స్ కూడా విద్యార్థులకి ఉచితం.

• కామర్స్: ట్యాలీప్రైమ్‌ని అధికారిక సైట్ నుంచే తీసుకుని ఎడ్యుకేషనల్ మోడ్‌లో నడపొచ్చు. నెలలో కొన్ని తేదీల ఎంట్రీలే వేయనిస్తుంది. నేర్చుకోవడానికి అది సరిపోతుంది.

• డిజైన్, వీడియో: జింప్, ఇంక్‌స్కేప్, బ్లెండర్, డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్.

• రెజ్యూమెలు, ప్రజెంటేషన్లు: లిబ్రే ఆఫీస్, లేదా బ్రౌజర్‌లో నడిచే ఉచిత మైక్రోసాఫ్ట్ ఆఫీస్.

ఇంకో లాభం కూడా ఉంది. ఇంటర్వ్యూలో 'ప్రాజెక్టుకి ఏ సాఫ్ట్‌వేర్ వాడారు? లైసెన్స్ ఎక్కడిది?' అని అడిగితే నీళ్లు నమలక్కర్లేదు. ఆక్టేవ్‌లో చేశానని ధైర్యంగా చెప్పొచ్చు.

ఫైలు తెరిచే ముందు

• మీకు ఎవరు ఫార్వర్డ్ చేశారన్నది కాదు, మొదట ఎవరు తయారుచేశారన్నది చూడండి. మీ ఫ్రెండ్ మంచివాడే. అతనికి పంపినవాడెవరో అతనికీ తెలియదు.

• విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఆపైన ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. పాట, పుస్తకం, సినిమా అని చెప్పి ఈఎక్స్‌ఈ, ఎస్‌సీఆర్, బ్యాట్, వీబీఎస్ అని ఉంటే తెరవొద్దు.

• అనుమానం ఉంటే వైరస్‌టోటల్ సైట్‌లో చెక్ చేయండి. పదుల సంఖ్యలో యాంటీవైరస్‌లతో పరీక్షిస్తుంది. అన్నీ ఓకే అన్నా నూటికి నూరు శాతం గ్యారంటీ కాదు. కొత్త వైరస్‌లు మొదటి రోజుల్లో తప్పించుకుంటాయి. ఆధార్, సర్టిఫికెట్లు మాత్రం అందులో అప్‌లోడ్ చేయొద్దు. అక్కడ పెట్టిన ఫైళ్లు భద్రతా సంస్థలకి అందుబాటులోకి వెళ్తాయి.

• విండోస్‌తో వచ్చే డిఫెండర్‌ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. రోజువారీ పనికి అడ్మిన్ ఖాతా కాకుండా స్టాండర్డ్ ఖాతా వాడండి.

• టోరెంట్ వాడాల్సొస్తే డౌన్‌లోడ్ల కోసం విడిగా ఓ ఫోల్డర్ పెట్టండి. సర్టిఫికెట్లున్న ఫోల్డర్ షేరింగ్‌లో ఉందేమో చూసుకోండి.

• ప్రాజెక్టు, సర్టిఫికెట్లు కనీసం రెండు చోట్ల బ్యాకప్ ఉండాలి. ఒకటి క్లౌడ్‌లో, ఒకటి ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉంచని హార్డ్‌డిస్క్‌లో. ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికి కూడా తాళం వేస్తుంది.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేశారా?

కంగారు పడొద్దు. కానీ వరస తప్పొద్దు. ముందు వైఫై ఆపేయండి. తర్వాత ఆ ల్యాప్‌టాప్‌లో కాకుండా ఫోన్లోనో, ఇంట్లోవాళ్ల సిస్టమ్‌లోనో మొదట మెయిల్, ఆపైన బ్యాంకు, ఆ తర్వాత మిగతా పాస్‌వర్డ్‌లు మార్చండి. వైరస్ ఉన్న సిస్టమ్‌లోనే మార్చితే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకి అందుతుంది. ప్రతి ఖాతాలో 'అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్' నొక్కండి. దొంగిలించిన కుకీ పనికిరాకుండా పోయేది అప్పుడే. జీమెయిల్‌లో మీకు తెలియని ఫార్వర్డింగ్ అడ్రస్ గానీ, రికవరీ నంబర్ గానీ చేరిందేమో చూడండి.

ఆ తర్వాత ముఖ్యమైన డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని విండోస్‌ని కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. స్కాన్ చేసి సరిపెట్టుకోవడం కన్నా ఇది నమ్మకమైన పని. రాన్సమ్‌వేర్ అయితే డబ్బు కట్టొద్దు. కట్టినా ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. యూరోపోల్, డచ్ పోలీసులు, కొన్ని సెక్యూరిటీ సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' సైట్‌లో మీ రకానికి ఉచిత విరుగుడు ఉందేమో చూడండి. లేకపోయినా తాళం పడ్డ ఫైళ్లని పారేయకండి, విరుగుడు తర్వాతైనా రావచ్చు. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రలోనూ ఉచిత క్లీనింగ్ టూల్స్ దొరుకుతాయి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. 'క్రాక్ వాడానని అడుగుతారేమో' అని భయపడి ఊరుకుంటే నష్టం ఇంకా పెరుగుతుంది.

ప్లేస్‌మెంట్ సీజన్ మొదలవకముందే ఓ ఆదివారం కేటాయించండి. క్రాక్ సాఫ్ట్‌వేర్లు తీసేయండి, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు మార్చండి, సర్టిఫికెట్లు బ్యాకప్ చేయండి, విన్‌రార్ అప్‌డేట్ చేయండి. మీ వాట్సాప్ గ్రూపులో ఈసారి ఎవరైనా క్రాక్ లింకు అడిగితే, దాని బదులు స్టూడెంట్ వెర్షన్ లింకు పెట్టండి.